ఆడబిడ్డ ఇంటి నల్లా

మొన్న బీదర్‌లో మా మనవడి కొత్తింటికి నల్లా బిగించడానికి వచ్చిన అబ్బాయిని, అలవాటు కొద్దీ, లైసెన్సు ఉందా నాయనా అని అడిగితే, నన్ను ఎగాదిగా చూసి నవ్వి, ప్లాస్టిక్ పైపుకు జిగురు రాసుకుంటూ కూర్చున్నాడు. నాకు నవ్వొచ్చింది, చిర్రెత్తుకొచ్చింది కూడా.

మా ఆయనకు ప్లంబింగ్ లైసెన్సు ఉండేది. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో వీధి పైపు నుంచి ఇంట్లోకి నీళ్లు తెచ్చుకోవాలంటే ముందు మున్సిపాలిటీ మంజూరు రావాలి, ఆ తర్వాత లైసెన్సున్న మనిషే ఆ పైపు మీద చెయ్యి వేయాలి. మంజూరు లేకుండా వేశాడో, లైసెన్సు రద్దు. ఆయన ఆ లైసెన్సుకు అద్దం కట్టించి దేవుడి పటాల పక్కన తగిలించి, ఉగాదినాడు దానికీ బొట్టు పెట్టమనేవారు. నేను సణుగుతూనే పెట్టేదాన్ని.

ఒక ఎండాకాలం, మన్నళ్ళి ఊరి నుంచి వచ్చి మా వెనక వీధిలో కాపురం పెట్టిన మా ఆడబిడ్డ, చంకలో చంటిపిల్లతో నీళ్లకు అల్లాడిపోయింది. వీధి పైపు వాళ్ల వాకిట్లోంచే పోతుంది, మంజూరు మాత్రం రాదు. ఒకనాడు అన్నగారిని నిలదీసింది.

"తవ్వెటోనివి నువ్వే, నల్లా వెట్టెటోనివి నువ్వే, ఇగ అడిగేదెవరన్నా?"

"అడిగెటోళ్లు ఉండరనే గదా చెల్లె, లైసెన్సు నా చేతికిచ్చిండ్రు."

ఆవిడ అన్నతో మాట్లాడటం మానేసింది. తోడబుట్టినదాని కంటే ఆ కాగితం ఎక్కువైందా అని నేనూ మొహం ముడుచుకునే తిరిగాను. ఆయన మాత్రం మర్నాటి నుంచి, పనికి పోయే ముందు, మా ఇంట్లో పట్టిన నీళ్లను సైకిలుకు డబ్బాలు కట్టి తీసుకుపోయి చెల్లెలి గడపలో దింపి, ఆవిడను పిలవకుండానే తిరిగి వచ్చేసేవారు. ఆవిడకు కోపం అన్న మీదే గాని నీళ్ల మీద కాదు కదా, ఒంపుకుని ఖాళీ డబ్బాలు బయట పెట్టేది.

వానలు మొదలయ్యాక మంజూరు వచ్చింది. ఆయనే తవ్వి, బిగించి, తిప్పారు. ముందు గాలి దగ్గింది, తర్వాత నీళ్లు దూకాయి. మా ఆడబిడ్డ బిందె పట్టడం మరిచి అన్న మొహం చూసింది.

"రేపటి సంది ఇగ రావా అన్నా?"

ఆయన బిగించిన నట్టునే మళ్లీ బిగిస్తూ ఉండిపోయారు.

ఇద్దరూ ఇప్పుడు లేరు. నియమాలు ఇప్పటికీ ఉన్నాయనే అంటారు. మనవడింట్లో ఎప్పుడు తిప్పినా నీళ్లే, మంచిదే, ఆ అవస్థ ఎవరికీ వద్దు. నీళ్ల కోసం ఎవరూ ఎవరి గడపకూ పోనక్కరలేదు. ఆ లైసెన్సు పటాన్ని మాత్రం నా వెంట తెచ్చుకున్నాను. మొన్న ఉగాదికి దానికి బొట్టు పెట్టాను, ఎవరూ చెప్పకుండానే.