పది మోటార్లు, ఒక ట్రాన్స్‌ఫార్మర్

ఆర్మూర్ శివారులో మా పసుపు చేను మోటారుతో కలిపి పది మోటార్లకు ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. కరెంటు పోయి వచ్చిందంటే ఆటో స్టార్టర్ ఉన్న మోటార్లన్నీ వాటంతటవే ఒక్కసారి లేస్తాయి. ఆ లోడు తట్టుకోలేక ఈ ఏడాది వానలు ఆగాక అది కాలిపోయింది. బాగుచేసి తెచ్చేసరికి పసుపు ఆకుల కొనలు ఎండాయి. కొమ్ములు ఊరే సమయం. మళ్లీ కాలితే పంట దక్కదు.

ఆటో స్టార్టర్లు పీకేసి, వంతులవారీగా చేత్తో మోటార్లు వేసుకుందామని అందరూ కూర్చుని అనుకున్నారు. కాలేజీలో గేమ్ థియరీ చదివాను కనుక లేచి విడమరిచాను. ఒకటి, అందరూ తీస్తే అందరికీ నీళ్లు. రెండు, అందరూ ఉంచుకుంటే ఎవరికీ లేవు. మూడు, అందరూ తీసి ఒక్కడు ఉంచుకుంటే ముందు తడిసేది వాడి చేనే. కాబట్టి ఉంచుకోవాలనే ప్రతివారికీ అనిపిస్తుంది, జాగ్రత్త అన్నాను.

మర్నాడు కరెంటు వచ్చీ రాగానే ఫ్యూజులు పోయాయి. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం బతికింది. అందరం కలిసి స్టార్టర్ డబ్బాలు తెరిచి చూస్తే ఒక్కరూ పీకలేదు. మాదీ అలాగే ఉంది.

"నువ్వు గూడ తియ్యలేదా బాపూ?" అని నాన్నను అడిగాను.

"నువ్వే చెప్తివి గదరా, ఉంచుకున్నోని చేనే ముందుగాల తడుస్తదని."

పక్క చేను ఆయన, నాకు వరుసకు పెద్దబాపు, నవ్వాడు. "ఇంజనీరు సాబ్, నువ్వు చెప్పకపోతే గీ లాభం నాకు తట్టకపోతుండె."

ఉపాయం కూడా ఆయనే చెప్పాడు. అందరం డబ్బా డబ్బాకూ తిరిగి పీకాలి. ఎవరిది వాళ్లింట్లో ఉండకూడదు. అలా మాది ఆయనింటికి పోయింది, ఆయనది మా అటక ఎక్కింది. ఆర్మూర్‌లో ఏ కరెంటు సామాన్ల దుకాణంలోనైనా కొత్తది దొరుకుతుందని నాకు తోచింది కానీ, ఈసారి పైకి అనలేదు.

నిన్న పొద్దున కరెంటు పోయి వచ్చింది. బాపూ నేనూ గట్టు మీదే ఉన్నాం. చుట్టుపక్కల చేన్లలో ఇంకా మనిషి జాడ లేదు. అయినా వాగు వైపు ఒక మోటారు నడుస్తోంది.

"ఇన్నవా?" అన్నాడు బాపు.

"ఒక్కటే గదా. ఒక్కదానికి ఏం గాదు."

"ఇయ్యాల ఒక్కటి." ఎండిన ఆకు కొనను వేళ్లతో నలిపాడు. "బండి తాళం ఇయ్యి. జర బజారుకు పోయొస్త."

తాళం నా జేబులోనే ఉంది. ఇంట్లో మరిచిపోయానని చెప్పాను.

బాపు చెప్పులేసుకుని రోడ్డు వైపు నడవడం మొదలుపెట్టాడు.