చివరి పేజీల దొంగ

నా చదువు ఐదో తరగతితో ఆగిపోయినా, డిటెక్టివ్ నవల చేతికొస్తే పొయ్యి మీద అన్నం మాడాల్సిందే. మార్కాపురంలో మా వీధి చివర బాషా అన్నకు అద్దె పుస్తకాల దుకాణం ఉంది. మూడేళ్ల కిందట అక్కడి నవలల్లో చివరి పేజీలు మాయమవసాగాయి. హంతకుడెవరో తెలియక అందరూ ఒకటే గొడవ! నేను చదివి తిరిగి పంపాక ఆ పుస్తకాలు చివరగా తీసుకెళ్లింది టైలర్ సుబ్బమ్మక్క కావడంతో, అన్న అనుమానం ఆమె మీద పడింది.

"ఇంక నీకు పుస్తకాలు ఇయ్యనక్కా" అనేసరికి పాపం, ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

నవలలోని డిటెక్టివ్ నాకు పూనినట్టయింది. చిరిగిన పుస్తకాలన్నీ ముందేసుకుని చూశాను. ప్రతిదాని చివరా బూడిదరంగు వేలిముద్ర!

"అన్నా, ఇది రాతిపలకలు కోసే పొడి! కుట్టుమిషన్ కాడ ఇదెట్ల అంటుకుంటాది? దొంగ పలకల ఫ్యాక్టరీలోనే ఉన్నాడు!" అని వీధంతా వినబడేలా అరిచాను.

సరిగ్గా అప్పుడే మా ఆయన ఫ్యాక్టరీ నుంచి వస్తూ, పొద్దున నేను తిరిగిచ్చేయమన్న నవలతో దుకాణం మెట్లెక్కాడు. చేతులనిండా పలకల పొడి. అన్న పుస్తకం తెరిస్తే, రాత్రి నేను చదివిన చివరి పేజీలు లేవు!

"ఏంది బావా ఇది?" అన్నాను.

మా ఆయన జేబులోంచి మడతపెట్టిన కాగితాలు తీశాడు. "అన్నం తినేటప్పుడు చదువుతా ఉంటే, చివరి పేజీలు మిగిలుండగానే బెల్లు కొట్టినారు. పుస్తకం ఇంటికి తెస్తే ఇది నవ్వుతాదని, ఆ పేజీలు చించి దాచుకుంటి..." అంటూ నా వైపు చూపించాడు.

నా పుస్తకాల పిచ్చిని రోజూ ఎగతాళి చేసే మనిషి!

"మొగుణ్నే పట్టిస్తివి కదమ్మే!" అని సుబ్బమ్మక్క పడిపడి నవ్వింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు ఇద్దరం పక్కపక్కనే కూర్చుని చదువుతాం. ముందుగా ముగించేది నేనే. హంతకుడి పేరు చెప్పేస్తానంటే చాలు, లేచెళ్లి టీ పెట్టుకొస్తాడు.