గంపకు మించి ఎత్తుకోని మనిషి

మా అత్తకు చదవడం రాదు. అయినా ఒక రోజులో ఏ పని పడుతుందో ఏది పట్టదో ఆమెకు తెలిసినంతగా నేను చూసిన చదువుకున్నవాళ్ళెవరికీ తెలియదు. బి.ఏ. చదివిన నాకు అసలే తెలియదు.

బిడ్డకు ఎనిమిదో నెల నడుస్తున్నప్పుడు ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగాలకు పరీక్ష పెడుతున్నట్టు ప్రకటన వచ్చింది. నాలుగు నెలలు గడువు. ఆ ఉద్యోగం నాకు కావాలి. కాలేజీలో నేర్చుకున్నది రోజుకింత మరిచిపోతున్నానని లోపల ఒకటే దిగులు. లెక్కలంటే బడి రోజుల నుంచీ వణుకే. అందుకని స్కేలుతో గీతలు గీసి ఒక పట్టిక తయారు చేశాను. తెల్లవారుజామున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు, రాత్రి రెండు. దాన్ని వంటింటి గోడకు అతికించాను. మొదటి రోజు నేను నాలుగింటికి లేస్తే బిడ్డా నాతోపాటే లేచింది. ఏ రోజు చదవనిది ఆ మరుసటి రోజుకు కలుపుకుంటూ పోయాను. పదో రోజుకు చూస్తే ఆ ఒక్క రోజే నేను యాభై గంటలు చదవాలి. అప్పటికి చదివింది పదకొండు పేజీలు.

అది చింతపండు కాలం. సేలం పక్కన మా ధర్మపురిలో ఆ కాలంలో మండీ వ్యాపారులు పెంకు తీసిన చింతపండును మూటలుగా మా వీధికి పంపేవారు. ఆడవాళ్ళు ఇళ్ళల్లో కూర్చుని కూలికి గింజలూ ఈనెలూ తీసి ఇచ్చేవారు. అందరూ మూటకు మూట దించుకుంటే మా అత్త మాత్రం ఒక్క గంప తీసుకునేది. ఇనుప కడ్డీతో ఒక్క దెబ్బ వేస్తే గింజ చిట్లకుండా బయటికి దూకేది. చుట్టాలు వచ్చినా, తలనొప్పి వచ్చినా పొద్దుగూకేలోపల ఆ గంప ఖాళీ అయ్యేది. మండీ మనిషి ఎగతాళి చేసేవాడు.

“కోడలు వచ్చినాంక కూడా ఒక గంపేనామ్మా?”

“కోడలికి కోడలి పని ఉండాది పోప్పా” అనేది అత్త.

ఒకరోజు అత్త పెరియంపట్టిలో పెళ్ళికి పోయినప్పుడు ఆ మనిషి వచ్చాడు. నేను ఒక మూట దించమన్నాను. అత్తా నేనూ కలిసి రెండు రోజుల్లో ముగించేస్తే మిగతా వారమంతా నా పుస్తకానికే కదా అని నా ఆలోచన. ఆ సాయంత్రం వేసవి వాన పడింది. తెల్లారేసరికి వసారాలో పరిచిన పండంతా చెమ్మపట్టి బంకబంకగా ముద్దయింది. గింజ కొడితే గింజతోపాటు పండూ కడ్డీకి అంటుకుంటోంది. బిడ్డ అందులోకి పాకి, ఒళ్ళంతా పులుసు చేసుకుని ఏడుస్తోంది. నేనూ ఏడుస్తున్నాను. సరిగ్గా అప్పుడే అత్త బస్సు దిగి వచ్చింది.

ఆమె పండును నాలుగు వాటాలు చేసి మూడు పక్కిళ్ళకు పంపింది. ఒకటి ముందు పెట్టుకుని, చేతికి కాస్త నూనె రాసుకుని కూర్చుంది. కొంతసేపటికి అడిగింది.

“మూట ఎందుకు దించుకొంటివి, అమ్మణ్ణీ?”

“బిరీన ముగించేస్తే మిగతా దినాలు చదువుకోవచ్చునని, అత్తా.”

“మిగతా దినాలు ఎవురు చూసినారు? పగలు బిడ్డ ఎంతసేపు నిద్రపోతుంది, అది చెప్పు.”

“పొద్దున ముక్కాలు గంట.”

“అట్లయితే నీకుండేది ముక్కాలు గంట. దాంట్లో పట్టేదే ఎత్తుకోవల్ల.” వంటింటి గోడమీది కాగితం వైపు గడ్డం ఎత్తి చూపించింది. “దాంట్లో బిడ్డ యాడుండాది?”

లేచి వెళ్ళి చూశాను. ఆరు గంటల చదువు ఉంది, వంట ఉంది, నా స్నానం కూడా ఉంది. బిడ్డ ఎక్కడా లేదు.

మరునాటి నుంచి లెక్కలు మాత్రమే పెట్టుకున్నాను, రోజుకు మూడు. ఆ నడకన నాలుగు నెలల్లో పుస్తకం పూర్తి కాదని తేలిపోయింది. ఈసారి పరీక్ష రాయను, వచ్చే సంవత్సరం రాస్తానని మా ఆయనకు చెప్పాను. ఆయన వచ్చే సంవత్సరమంటే నిజంగా వచ్చే సంవత్సరమేనా అని అడిగారు. నాకు కోపం వచ్చింది గానీ అది అడగవలసిన ప్రశ్నే.

పరీక్ష రోజు ఉదయం, నాతో చదివిన హరూర్ ఊరి అమ్మాయి సేలం బస్సెక్కబోతూ మా ఇంటికి వచ్చి కాఫీ తాగి వెళ్ళింది. ఆమె వెళ్ళాక నేను గిన్నెలు తోముతూ ఉండిపోయాను. అత్త నా ముఖం చూసింది. బిడ్డను చంకనేసుకుని వీధిలోకి వెళ్ళి గంటన్నర దాకా తిరిగి రాలేదు. ఆ రోజు ఏడు లెక్కలు చేశాను.

బిడ్డకు నడక వచ్చాక నిద్ర తగ్గింది. మూడు లెక్కలు రెండయ్యాయి. ఒక్కో వారం రోజుకు ఒకటే. అయినా కార్తీకంలో లెక్కల పుస్తకం చివరి పేజీకి వచ్చాను. ఆ తర్వాతే చరిత్ర తెరిచాను.

పోయిన నెల సేలం వెళ్ళి ఈ ఏటి పరీక్ష రాసి వచ్చాను. చరిత్రలో ఆరు ప్రశ్నలు వదిలేశాను. లెక్కల్లో ఒక్కటీ వదలలేదు. ఫలితం ఇంకా రాలేదు. బిడ్డ పడుకున్నాక ఇది రాస్తూ కూడా ఆ ఆరు ప్రశ్నల గురించే ఆలోచిస్తున్నాను. ఈ సాయంత్రం ఉండబట్టలేక, ఉద్యోగం రాకపోతే ఎట్లా అని అత్తను అడిగాను.

“రాకుంటే మళ్ళా రాస్తువు. లెక్కలు మళ్ళా మొదట్నించి నేర్చుకోవల్లనా ఏమి?”

అక్కరలేదు. అవి నాకు వచ్చు.