పెరటి గుమ్మం దెయ్యం

మా మామ్మ జోగమ్మ నోరు విప్పితే సముద్రం కూడా కాస్త తగ్గి మాట్లాడుతుంది. జాలరిపేట నుంచి గంప నెత్తిన పెట్టుకుని, ఊళ్లో బంగళాలన్నీ తిరిగి చేపలమ్మిన గొంతది. మోకాళ్లు మొరాయించి ఇప్పుడు ఇంట్లో కూర్చుంది గానీ, గొంతుకి మాత్రం రిటైర్మెంటు లేదు. పదో తరగతి రెండుసార్లు తప్పిన నా ఘనత వీధి చివరిదాకా తెలిసింది దానివల్లే.

అలాంటి మనిషిని దెయ్యం సినిమాకి తీసుకెళ్లాను. భయపడుతుంటే చూసి నవ్వుకుందామని నా ఆశ.

డెబ్బైల నాటి కథ. నెత్తురు రంగు గోడల బంగళా, పచ్చటి దీపాలు, బెల్‌బాటం ప్యాంట్లు వేసుకున్న దొరబాబులు. వాళ్ల చేతిలో చచ్చిన పనిమనిషి దెయ్యమై వచ్చింది. హాలంతా కెవ్వుమంది. మామ్మ మాత్రం ముందుకు వంగి చూసింది. దెయ్యం తల వంచుకుని, పెరటి గుమ్మంలోంచి వస్తోంది.

"సచ్చినాక కూడా పెరటి గుమ్మమేటే, ఎర్రిమొకమా! ముందునుంచి రా!"

ముందు సీటాయన ఉలిక్కిపడి పాప్‌కార్న్ ఒలకబోసుకున్నాడు. కోపంగా వెళ్లి హాలు మనిషిని పిలుచుకొచ్చాడు.

"ఇంకోసారి అరిస్తే బయటికి పంపేస్తాం మామ్మగారూ" అన్నాడతను.

మామ్మ మొహం చిన్నబోయింది.

"ఒరే సందూ, అది ముందునుంచి వత్తాదో రాదో సూడకుండా నానెలా ఎల్తాన్రా? నన్ను ఏ బంగళాలోనైనా పెరటి గేటు కాడే నిలబెట్టీవోరు. వర్సమొచ్చినా అక్కడే."

"మరయితే అరవకే మామ్మా."

చీర చెంగు నోట్లో కుక్కుకుంది. పెరటి గుమ్మం కనబడినప్పుడల్లా నన్ను గిల్లింది. ఇంటర్వెల్లు నాటికి నా చెయ్యి ఆ బంగళా గోడల రంగుకి తిరిగింది.

చివర్లో దొరబాబులు పెరటి తలుపుకి గొళ్లెం పెట్టి, ధీమాగా భోజనాలకి కూర్చున్నారు. దెయ్యం ఇంటి చుట్టూ తిరిగి వీధి మెట్ల దగ్గరికొచ్చింది. ఒక మెట్టెక్కి ఆగిపోయింది.

"ఎక్కవే తల్లీ, ఎక్కు!"

హడలిపోయి మామ్మ వైపు చూశాను. చెంగు నోట్లోనే ఉంది. అరిచింది ముందు సీటాయన!

దెయ్యం తల ఎత్తుకుని, వీధి తలుపు బార్లా తీసుకుని లోపలికి నడిచింది. హాలంతా ఈలలు. మామ్మ అదే చెంగుతో కళ్లు తుడుచుకుని, ఆయన భుజం తట్టింది.

"మెల్లగా బాబూ. అరిత్తే బైటికి పంపేత్తారంట."