నేను రాసిన లీవు లెటరు

ఆ లెటరు రాసింది నేనే. కింద అతని పేరుతో సంతకం పెట్టింది కూడా నేనే. ఈ రెండు మాటలు నోరు తెరిచి అతని భార్యకు చెప్పడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల గురించి కూడా చెప్తాను.

పుదుచ్చేరిలో ఒక ప్రభుత్వ ఆఫీసులో నేను హెడ్ క్లర్కుని. అతను మా సెక్షన్లోనే గుమస్తా, నాకంటే పన్నెండేళ్లు చిన్నవాడు. ఆఫీసులో అందరం మాట్లాడేది తమిళమే. ఇళ్లలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. మా నాన్నది బజారులో పప్పుల అంగడి. అతనివాళ్లు పట్నం దగ్గరి ఏంబలం అనే పల్లెలో ఎన్నో తరాలుగా సేద్యం చేసుకుంటున్న కుటుంబం. అప్పట్లో మా ఇద్దరికీ తెలుగు చదవడం రాదు, మాట్లాడటమే వచ్చు. నేను తర్వాత నేర్చుకున్నాను. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పుకుని "ఏందక్కా ఈ దినం కూర?" అని అతను అడిగితే, ఆ కాసేపు ఆఫీసులో ఉన్నట్టే ఉండేది కాదు.

అతనికి చిన్నప్పటినుంచీ ఉబ్బసం. చొక్కా జేబులో పెన్ను పక్కనే ఇన్‌హేలర్ ఉండేది.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు మా ఆఫీసు నుంచి కొందరిని ఇంటింటి సర్వేకి వేశారు. జ్వరం ఎవరికుందో అడిగి రాసుకోవాలి, ఉన్న ఇంటి తలుపుకు నోటీసు అంటించాలి. అతనికి ఒర్లియంపేట పడింది. ఇరుకు సందులు, ఒకదాని మీద ఒకటి మూడేసి కాపురాలు, నిట్టనిలువు మెట్లు.

ఉబ్బసం ఉన్నవాళ్లకీ గర్భిణులకీ ఆ డ్యూటీ వద్దని మా ఉద్యోగుల సంఘం మొదటిరోజే అడిగింది. మెడికల్ బోర్డు సర్టిఫికెట్ తెస్తే చూద్దామన్నాడు ఆఫీసరు. ఆ రోజుల్లో బోర్డు ఎక్కడ కూచుంటుంది? డాక్టర్లంతా వార్డుల్లో ఉన్నారు. సంఘం సెక్రటరీ మూడుసార్లు తిరిగాడు. ఆయన మా శాఖలోనే డ్రైవరు, తమిళుడు. గొంతు గరగరలాడుతుంది, ఎవరితోనూ రెండు మాటలకు మించి మాట్లాడడు.

పట్నంలో సారం అనే పేటలో ఒక సైకిల్ షాపు మీద మేడగది, అదే సంఘం ఆఫీసు. ఆ వేసవిలో దానికి తాళం వేసింది లేదు. జబ్బుపడిన మెంబర్లకు పంపడానికి ఆక్సిజన్ చూసే చిన్న మిషన్లు, ఆవిరి పట్టే పాత్రలు, మాత్రల పొట్లాలు అక్కడే పెట్టుకున్నాం. జబ్బు లేని ఇళ్లవాళ్లు వంతులు వేసుకుని రసం అన్నం వండి పంపేవాళ్లు. పొద్దున్నే జబ్బుపడిన వాళ్లందరికీ ఫోన్ చేసి, రీడింగ్ ఎంతుందో నోట్‌బుక్కులో రాసి, తొంభై నాలుగుకు తగ్గితే సెక్రటరీకి చెప్పడం నా పని. రాత్రి బాగున్నానన్న మనిషి పొద్దున ఫోన్ ఎత్తేవాడు కాదు. ఎత్తేదాకా చేసేదాన్ని. ఒక్కోసారి వేరే ఎవరో ఎత్తేవాళ్లు.

ఒక సోమవారం పొద్దున ఎనిమిదింటికి అతనే నాకు ఫోన్ చేశాడు.

"అక్కా, నిన్నటి నుంచి జొరంగా ఉండాది. ఒక లీవు లెటరు రాసి పెట్టేయ్. సంతకం నువ్వే గీకేయ్."

అది మాకు కొత్త కాదు. ఒకరి లెటరు ఒకరం రాసేవాళ్లం. ప్రతి ఆఫీసులోనూ జరిగేదే.

"జ్వరమని రాస్తాలే. సంఘానికి కూడా చెప్తా" అన్నాను.

"వొద్దు వొద్దు. జొరమని రాస్తే మా వాకిట్లో నోటీసు అంటిస్తారు. మా అమ్మ అమ్మే ఆవుపాలు ఎవరు పోయించుకుంటారు? ఊళ్లో ఎవురూ గడప తొక్కరు. ఎంతమంది ఇళ్లకు నేనే అంటించినా గదక్కా, నాకు తెల్దా? ఉబ్బసమే, రెండు దినాల్లో లేస్తా. సొంత పని అని రాసేయ్."

అలాగే రాశాను. సొంత పని మీద ఊరికి వెళ్తున్నట్టు, సెలవు కావాలని. రాశాక హాజరు పట్టీ చూస్తే శనివారం గడి ఖాళీగా ఉంది. ఆ రోజు అతను ఆఫీసుకు రాకుండా ఇంటి నుంచి నేరుగా ఒర్లియంపేటకే పోయాడు. ఖాళీ గడి కనిపిస్తే అడుగుతారని, లెటరులో శనివారం నుంచే సెలవు వేశాను. ఇరవై ఏళ్ల గుమస్తా బుద్ధి అది. పట్టీ నిండుగా ఉంటే చాలు.

మంగళవారం సాయంత్రం ఫోన్ చేస్తే దగ్గుతూనే మాట్లాడాడు. బుధవారం మధ్యాహ్నం సెక్రటరీ నవ్వు మొహంతో మా సెక్షన్‌కి వచ్చాడు. ఆయన నవ్వడం నేను చూసింది తక్కువ. అతనికి సర్వే డ్యూటీ రద్దయిందని ఆర్డరు. కాపీ నా బల్ల మీద పెట్టి, "మీ తమ్ముడికి చెప్పమ్మా" అన్నాడు తమిళంలో.

చెప్తానన్నాను. ఆ కాగితం నా ముందుంది, మనిషి మంచంలో ఉన్నాడు, ఆ సంగతి ఆఫీసు మొత్తం మీద నాకొక్కదానికే తెలుసు. అతను వద్దన్నాడని గమ్మున ఉన్నాను.

గురువారం పొద్దున అతను ఫోన్లో ఒక వాక్యం పూర్తి చెయ్యలేకపోయాడు. "అక్కా" అని ఆగాడు. ఊపిరి తీసి మళ్లీ "అక్కా" అన్నాడు. ఆ ఫోన్ పెట్టేసి సెక్రటరీకి చేశాను. ఆయన ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని అడగలేదు. గంటలో ఆటోలో ఏంబలం చేరాడు. వేలికి మిషన్ పెడితే డెబ్భై తొమ్మిది.

మధ్యాహ్నందాకా మూడు ఆసుపత్రుల వాకిళ్లలో ఆ ఆటో ఆగింది. చివరికి సంఘంలోని ఒక నర్సమ్మ మంచం ఇప్పించింది. శనివారం పొద్దున అతను పోయాడు. ముప్పై ఎనిమిదేళ్లు.

శ్మశానానికి ఊరివాళ్లు ఎవరూ రాలేదు. సంఘం వాళ్లు నలుగురు ఆ ప్లాస్టిక్ బట్టలు తొడుక్కుని మోశారు. అతని భార్యనూ ఆరేళ్ల కూతుర్నీ గేటు దగ్గరే ఆపేశారు. సెక్రటరీ అద్దాలు ఆవిరి పట్టి, దారి కనపడక, ఒకచోట తడబడ్డాడు. గేటు అవతల నుంచి ఆ పిల్ల "మెల్లిగా, మెల్లిగా" అని అరిచింది.

జబ్బు తగ్గుముఖం పట్టాక ఫైలు కదిలింది. కరోనా డ్యూటీలో పోయాడని తేలితే భార్యకు ఉద్యోగం ఇవ్వాలి. సంఘం అర్జీ పెట్టింది. రెండు నెలలకు జవాబొచ్చింది. శనివారం నుంచి సొంత సెలవులో ఊరికి వెళ్లాడు కాబట్టి, డ్యూటీ వల్ల జబ్బు సోకిందనడానికి ఆధారం లేదట. కింద నా లెటరు జెరాక్సు జతచేసి ఉంది.

సెక్రటరీ నన్ను మేడగదికి పిలిచి ఆ జెరాక్సు చూపించాడు.

"ఈ రాత ఎవరిదో నాకు తెలుసమ్మా. నువ్వు చెప్తే వింటా."

చెప్పాను. కమిటీ వాళ్లు ఇంకో ముగ్గురు అక్కడే ఉన్నారు. అందులో ఒకాయన, "ఇది ఒప్పుకుంటే దొంగ సంతకం కేసు. ఈమె ఉద్యోగం కూడా పోతుంది. పోయినవాడు పోయాడు, ఉన్నవాళ్లనైనా మిగుల్చుకుందాం" అన్నాడు. ఆ మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది. సిగ్గుగా ఉన్నా ఉన్నది చెప్తున్నాను.

సెక్రటరీ నా వైపు తిరిగి, "రాసివ్వమని నేను చెప్పను. వద్దనీ చెప్పను. రాస్తే మాత్రం, విచారణలో నీ పక్క కుర్చీలో నేను కూచుంటా" అన్నాడు.

పదకొండు రోజులు. మా ఆయన, "నీ సర్వీసు ఇంకా తొమ్మిదేళ్లు ఉండాది, ఆలోచించుకో" అన్నాడు. ఆలోచించాను. ఆఫీసరుదే తప్పనుకున్నాను, బోర్డుది అనుకున్నాను, జ్వరమని రాయొద్దన్నవాడిది అనుకున్నాను. నిజమే, వాళ్లందరిదీ ఉంది. కానీ శనివారం తేదీ ఎవరూ వెయ్యమనలేదు నన్ను. అది నేనే వేశాను.

పన్నెండో రోజు ఏంబలం బస్సెక్కాను.

అతని భార్య కొట్టం దగ్గర ఆవులకు గడ్డి వేస్తోంది. నేను నిలబడే అంతా చెప్పాను. చేతిలోని గడ్డి కింద పెట్టకుండానే వింది.

"సొంత పని అని ఆయనే రాయమన్యాడా?"

"ఊ."

"జొరమని నీకు చెప్పినాడా?"

"సోమవారమే చెప్పినాడు."

"నాకు ఉబ్బసమే అన్యాడు. జొరం మాత్రలు నాకు తెలీకుండా మింగినాడు. పొయినంక దిండు కింద అట్ట దొరికింది." ఆమె గొంతు పెరగలేదు. "సోమారం నుంచి బేస్తారం దాకా నీకు తెలుసు. పక్కన పండుకున్న నాకు తెల్దు. యాడన్నా ఉంటాదా ఇది?"

ఆమె లోపలికి పోయింది. కాసేపు అక్కడే నిలబడి, బస్సుకు వచ్చేశాను.

మర్నాడు రాసిచ్చాను. లెటరు నాది, సంతకం నాది, శనివారం తేదీ నా సొంత తెలివి అని.

నా మాట ఒక్కటే చాలదన్నారు. అతను శనివారం డ్యూటీలో ఉన్నట్టు రుజువు కావాలన్నారు. సెక్రటరీ ఇంకో ఇద్దరిని వెంటేసుకుని ఒర్లియంపేట సందుల్లో ఇల్లిల్లూ తిరిగాడు. ఒక ఆదివారం నేనూ పోయాను. చాలామందికి గుర్తులేదు. కొందరు తలుపే తియ్యలేదు. ఒక మూడో అంతస్తులో ఒక పెద్దావిడ మాత్రం ఫోటో చూడగానే గుర్తుపట్టింది.

"ఈ అబ్బాయేగా? మెట్లెక్కి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఊపిరి తీస్తే ఈల వేసినట్టు వినిపించింది. నీళ్లిచ్చాను. తాగాలంటే మాస్కు తియ్యాలి, మీకు మంచిది కాదు అవ్వా, అని తాగకుండా పోయాడు."

ఆ రోజు శనివారమేనని ఆమె ఎలా చెప్పగలదని అడిగాం. అతను అంటించిన నోటీసు తలుపు మీద ఇంకా ఉంది. ఆ జ్వరంతోనే అల్లుడు పోయాక దాన్ని పీకడానికి ఆమెకు చెయ్యి రాలేదట. తేదీ, కింద అతని పొడి సంతకం. అది అతను స్వయంగా పెట్టిన సంతకం. సెక్రటరీ దాన్ని ఫోటో తీసుకుని, మెట్లు దిగి వచ్చి, వీధిలో ఒక స్కూటరు మీద కూచుండిపోయాడు.

విచారణలో ఆయన అన్నట్టే నా పక్క కుర్చీలో కూచున్నాడు. నా సర్వీసు పుస్తకంలో మందలింపు ఎక్కింది. నన్ను పాత ఫైళ్ల గదికి మార్చారు. ఉద్యోగం పోలేదు, సంఘం పోనివ్వలేదు. ఇంకో సంవత్సరానికి ఫైల్లో "డ్యూటీలో ఉండగా" అన్న మాట చేరింది. అతని భార్యకు సారంలో ఒక ఆఫీసులో అటెండరు పని వచ్చింది. డ్యూటీ రద్దుకు సర్టిఫికెట్ అడిగిన ఆఫీసరును ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన ప్రమోషన్ మీద వేరే ఊరికి వెళ్లాడు.

ఆమె సంఘంలో చేరింది. నేను ఎదురైతే తల ఊపుతుంది, పనుంటే మాట్లాడుతుంది. అంతవరకే.

కిందటేడు వార్షిక సమావేశంలో కరోనాలో పోయిన మెంబర్ల పేర్లు ఆమే చదివింది. భర్త పేరు మధ్యలో వచ్చింది. అదీ చదివింది. చదవడం అయ్యాక కూచోకుండా తమిళంలో అడిగింది.

"మళ్లీ ఇట్లాంటిది వస్తే, ఒంట్లో బాగాలేనివాళ్లు సర్టిఫికెట్ వచ్చేదాకా డ్యూటీకి పోవద్దని సంఘం చెప్తుందా? పోకపోతే పడే శిక్షకు సంఘం అడ్డం నిలబడుతుందా?"

వేదిక మీదివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చట్టం, నోటీసు, సస్పెన్షన్ అని ఒకాయన మొదలుపెట్టాడు. రిటైరైపోయి ముందు వరుసలో కూచున్న సెక్రటరీ లేచి, "నిలబడాలి" అన్నాడు. తీర్మానం అయ్యింది. చేతులెత్తినవాళ్లు చాలామందే. రేపు నిజంగా అవసరమొస్తే ఎంతమంది నిలబడతారో నాకు తెలియదు.

తర్వాత భోజనాలు పెట్టారు. ఆమె తినలేదు. పాలు పితికే వేళకు ఇంట్లో ఉండాలని ఏంబలం బస్సుకు వెళ్లిపోయింది.