ముందే విడుదలైనవాడు

నేను అక్షరాలు దిద్దింది నెత్తి నెరిసినంక. తొంభైలలో ఆర్మూరు పసుపు మార్కెట్లో హమాలీ పని ముగించుకొని, పసుపంటిన చేతులతోనే సాయంత్రం బడికి పోయేవాణ్ణి. మాకు చదువు చెప్పే అమ్మాయి ఎమ్మే ఇంగ్లీషు చదువుతుండేది. ఆమె పరీక్షకు ఒక పాత అమెరికా నవల. మా దిద్దుడు అయిపోయాక దాన్ని తెలుగులో చెప్పేది. మాకు చెబితే తనకు గుర్తుంటుందట.

యజమాని నుంచి పారిపోయిన ఒక నల్లవాడు అందులో ఉన్నాడు. ఒక మాట వచ్చినప్పుడల్లా ఆమె ఆగి, దాటేసేది.

"గక్కడేం మింగుతున్నవు బిడ్డా?" అన్నాను.

"నల్లోళ్లను తిట్టే మాట కాకా. గా మాట ఉన్నదనే గీ పుస్తకం పిల్లలకు చెప్పొద్దని ఆడ మస్తు లొల్లి."

"చెప్పు. మేం పడని తిట్లా?"

చెప్పింది. వాడు బానిస అని కూడా చెప్పింది. ఈ రెండో మాట నాకు తెలియదు.

"అంటే జీతగాడా?"

అప్పు కింద పటేలు ఇంట్లో కట్టుబడి పనిచేసేవాణ్ణి మేము జీతగాడు అంటాం. జీతమన్నది పేరుకే.

"కాదు కాకా. బానిసను కొంటరు."

పక్కన బీడీలు చుట్టే అవ్వ అందుకుంది. "మమ్ముల గూడ కొన్నరు తియ్. రసీదు ఇయ్యలే, గంతే."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా తమ్ముడు జీతగాడు. ఎనభైల మొదట్లో, ఒక వానాకాలం పొద్దున పశువులను వదిలి పారిపోయాడు. బస్టాండులో పట్టుకుంటారని భయపడి, దొంకేశ్వర్ దిక్కు గోదావరి దాటబోయాడు. నీళ్లు నిండుగా ఉన్నాయి. శవం ఒడ్డుకు వచ్చినప్పుడు, మోకాళ్ల మీదికి ఎగ్గట్టిన పంచె ఎగ్గట్టినట్టే ఉంది.

అందుకే ఆ నల్లవాడు ఏమవుతాడోనని నాకు ఒకటే గుబులు. రోజూ అడిగేవాణ్ణి, "దొరికిండా?" అని.

ఆఖరి రోజు ఆమె చెప్పింది. "దొరికిండు కాకా. కానీ వాడు ముందుగాలనే విడుదలైండు. యజమానురాలు సచ్చిపోయేముంగట వదిలేసింది. వానికెవ్వరు చెప్పలే."

"మరి విడుదలైనంక గూడ ఎందుకు ఉరికిండు?"

"తెల్వకనే." తమ్ముడి సంగతి ఆమెకు తెలియదు. పాఠం చెప్పినట్టే చెప్పుకుపోయింది. "మన దగ్గర గూడ గంతే. ఎనభైలకు ముందే జీతగాళ్లందరిని ఇడిసిపెట్టాలని చట్టమొచ్చింది. అప్పు గూడ రద్దు."

నేను పలక కింద పెట్టాను. మా ఇంట్లో అప్పుడు ఒక్కరికీ చదువు రాదు. చదువు వచ్చిన పటేలు చెప్పలేదు.

తమ్ముడు ఆర్మూరు బస్టాండులో పదిమంది మధ్య నిలబడి, టికెట్టు కొనుక్కొని పోవలసినవాడు.