తల్లి చిలుకల గది

సుమలత పొద్దున గదిలోకి రాగానే చేసే మొదటి పని, చచ్చిన తల్లి చిలుకలను నూరడం.

హిందూపురం శివారులో పట్టుపురుగుల గుడ్లు తయారుచేసే ప్రైవేటు కేంద్రం అది. ఊళ్లో అందరూ గ్రెయినేజ్ అంటారు. గుడ్ల కోసమే రైతులు పెంచి ఇచ్చిన విత్తన గూళ్లలోంచి తెల్లవారే వేళకు పట్టుపురుగులు రెక్కలొచ్చి, తెల్లటి చిలుకలై బయటికి వస్తాయి. అవి ఏమీ తినవు. జతకూడతాయి, ఆడది కాగితం మీద గుడ్లు పెడుతుంది, అంతటితో దాని పని అయిపోతుంది. ఆ తల్లిని చిన్న పింగాణీ రోట్లో వేసి, మందునీళ్లు కలిపి నూరి, ఒక చుక్క గాజుపలక మీదికి తీసి మైక్రోస్కోపు కింద చూడాలి. తల్లిలో పెబ్రిన్ అనే రోగపు బీజాలు కనిపిస్తే, అవి గుడ్లలోకి కూడా పాకి ఉంటాయి. అప్పుడు ఆ గుడ్లను కాల్చేయాలి. కాల్చకపోతే ఆ రోగం గుడ్లు కొన్న ప్రతి రైతు ఇంటికీ పోతుంది.

మైక్రోస్కోపులున్న గది వెనకవైపు ఉంటుంది, దాని కిటికీకి ఎదురుగా గోడ. అందులో ఇద్దరే కూర్చుంటారు. ఒకరు సుమలత. రెండో ఆయన దేవసహాయం, చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న పెద్దాయన. కళ్లు అద్దాలకు ఆనించి ఉన్నంతసేపూ ఇద్దరూ మాట్లాడుకోరు. సాయంత్రం సుమలత అద్దెగదికి పోతే, కింద ఇంటి యజమానురాలు వాకిట్లోంచే కన్నడంలో అడుగుతుంది, "ఊటా ఆయ్తా?" అని. అన్నం తినకపోయినా సుమలత "ఆయ్తు" అంటుంది. కొన్నిరోజులు ఆమె నోటినుంచి బయటికి వచ్చే మాట ఆ ఒక్కటే.

సుమలతది కనగానపల్లి దగ్గర ఒక పల్లె. నాలుగో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. అప్పటికే పెళ్లయిన అక్క నారాయణమ్మ చెల్లెల్ని తన ఇంటికి తెచ్చుకుంది. అక్క మొగుడు ఈరన్న కష్టజీవి. కోపం ముక్కు మీద ఉంటుంది గాని, మరదల్ని ధర్మవరంలో డిగ్రీ దాకా చదివించింది ఆయనే. కాలేజీ ల్యాబ్‌లో ఉల్లిపొర కింద ఇటుకల వరసల్లా కణాలు మొదటిసారి కనిపించినప్పుడు సుమలత ఆ సంగతి ఇంటికొచ్చి బావకే చెప్పింది. "ఉల్లిగడ్డలో ఇటుకలా! ఎవురు పేర్చినారో!" అని ఆయన నవ్వాడు.

ధర్మవరంలోనే చీరలు నేసే రాఘవేంద్రతో పెళ్లయింది. రైతు కుటుంబంలో పుట్టి మగ్గం నేర్చుకున్నవాడు. పిల్లలు కలగలేదు. మూత్రపిండాలు చెడి, పుట్టపర్తి ఆస్పత్రికి తిరిగి తిరిగి, చివరికి అతను పోయాడు. మగ్గం గుంత ఖాళీగా ఉన్న ఆ ఇంట్లో ఆమె ఉండలేకపోయింది. గ్రెయినేజ్‌లో చదువుకున్న మనిషి కావాలంటే హిందూపురం వచ్చేసింది.

వచ్చాక ఆమెకు మిగిలిన తెరిపి అక్క ఇల్లు. శనివారం సాయంత్రం బస్సెక్కి, పెనుకొండలో మారి, చీకటి పడకముందే అక్క గడపలో ఉండేది. ఆదివారం వాళ్ల మల్బరీ తోటలో ఆకు కోసేది, షెడ్డులో పురుగులకు ఆకు వేసేది. వానపడ్డట్టు వినిపించే ఆ తినే చప్పుడు ఆమెకు ఇష్టం. ఆమె మాట మీదనే ఈరన్న మామూలు గూళ్లు మానేసి, గ్రెయినేజ్‌కు విత్తన గూళ్లు ఇచ్చే రైతయ్యాడు. ధర బాగా వచ్చేది. పల్లెలో ఆయన మాటకు విలువ పెరిగింది.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం ఈరన్న గూళ్లలోంచి వచ్చిన తల్లి చిలుకల వంతు వచ్చింది. సుమలత చుక్క వేసి, అద్దం సరిచేసి చూసింది. నలిగిన కొవ్వు బొట్లు, కండరాల పీచులు, రెక్కల పొలుసులు, ఎప్పుడూ కనిపించేవే. వాటి మధ్య కోలగా, నున్నగా, లేత పచ్చటి మెరుపుతో గింజల్లాంటివి వణుకుతున్నాయి.

ఆమె అద్దం తుడిచి మళ్లీ చూసింది. ఇంకో తల్లిని నూరింది. అందులోనూ ఉన్నాయి.

"సార్, ఒకసారి చూస్తారా?"

దేవసహాయం చూసి, చాలాసేపు తల ఎత్తలేదు. "ఎవరివమ్మా ఈ గూళ్లు?"

"మా బావవి సార్."

ఆయన కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "నువ్వు చెప్పే పనిలేదు. యజమానికి నేను చెప్తాలే. నీ పేరు రానీను."

సుమలతకు అదే మంచిదనిపించింది. కానీ ఇవాళ తన పేరు దాచుకుంటే, రేపు అక్క ఇంట్లో అన్నం తింటూ బావ ముఖం ఎట్లా చూడాలి?

"చూసింది నేను సార్. నేనే చెప్తా," అంది.

ఆ గుడ్లను ఆ మధ్యాహ్నమే వెనక గుంతలో కాల్చారు. మరుసటి రోజు గ్రెయినేజ్ మనుషులు పల్లెకు పోయి, షెడ్డులో మేస్తున్న పురుగులన్నింటినీ పూడ్పించి, తట్టలకూ గోడలకూ బ్లీచింగు కొట్టించి, సున్నం చల్లించారు. ఊరంతా చూసింది. ఆ సాయంత్రం ఈరన్న ఫోన్ చేశాడు.

"ఏమ్మా, మా ఇంట్లో తిన్న అన్నానికి ఇదేనా నువ్వు చేసేది? ఒక్క మాట నాకు ముందు చెప్పింటే నీ సొమ్మేం పోతాండె?"

"చెప్పినా కాల్చాల్సిందే బావా. ఆ గుడ్లు ఎంతమందికి పోతాయో…"

"కాల్చుకో. బాగా కాల్చుకో. ఇంగ మా గడప తొక్కాకు."

అక్క పక్కనే ఉన్నట్టు ఊపిరి వినిపించింది.

ఆ తర్వాత శనివారాలు వచ్చాయి, పోయాయి. అలవాటు కొద్దీ సుమలత ఒకసారి బస్టాండు దాకా నడిచింది. పెనుకొండ బస్సు నిండి కదిలేదాకా చూసి, వెనక్కి వచ్చింది. ఆదివారాలు గదిలో గడవక, గ్రెయినేజ్ తాళం అడిగి తీసుకుని ఒక్కతే పోయి కూర్చునేది. పని ఉండేది కాదు. చేతికి దొరికినదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూసేది. ఒకసారి గూడు కట్టబోయే పురుగును కోసి, పట్టు గ్రంథిని తీసి, నీలం రంగు వేసింది. పుస్తకాల్లో కేంద్రకాన్ని గుండ్రటి చుక్కలాగే గీస్తారు. ఈ కణాల్లో అది చెట్టుకొమ్మల్లా చీలి కణమంతా అల్లుకుని ఉంది. అంత పట్టు తయారుచేయాలంటే ఒక్క చుక్క చాలదు కాబోలు. ఆశ్చర్యంతో ఆమె పక్కకు తిరిగింది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. చెప్పడానికి ఎవరూ లేరు. గాజుపలక కడిగి పెట్టేసింది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం కాపలాదారు వచ్చి, నీకోసం ఎవరో వచ్చారన్నాడు. గేటు దగ్గర నారాయణమ్మ నిలబడి ఉంది. చేతిలో చిన్న సంచి. ముఖం గట్టిగా ఉంది.

"బాగుండావా అక్కా? బావ…"

"ఆయప్పకు తెలీదు. ధర్మవరం పోతాండానని చెప్పొచ్చినా. నువ్వు ఏం చూసినావో నాకూ చూపిచ్చు. ఊర్లో ఒకరేమో ఆకులో మందు ఉండాదంటారు, ఒకరేమో నువ్వే కావాలని చేసినావంటారు. నా కంటితో నేను చూడాల."

దేవసహాయం లేచి, టీ తాగి వస్తానని బయటికి వెళ్లిపోయాడు.

సుమలత ముందు మల్బరీ ఆకు తెచ్చి, అడ్డంగా చింపి, చింపిన అంచున కొంచెం పచ్చభాగంతో వచ్చిన సన్నటి పొరను నీటిచుక్కలో పెట్టింది. అక్కకు ఒక కన్ను మూసి చూడటం అలవాటుకావడానికి కాసేపు పట్టింది.

"గదులు గదులుగా ఉండాది," అంది నారాయణమ్మ.

"ఒక్కో గది ఒక్కో కణం అక్కా. చుట్టూ గట్టి గోడ ఉండాది చూడు. ఆకుకు ఎముకలు లేకపోయినా ఎండలో నిలబడేది ఆ గోడల వల్లనే. లోపల పచ్చగింజలు కనపడతాండాయా? ఎండ తీసుకుని ఆకుకు అన్నం వండేది అవి. గది నడిమధ్యన నీళ్లు నింపుకుంటాది. నీళ్లు తగ్గితే ఆకు వాడిపోతాది."

"పురుక్కు కూడా ఇట్లనే ఉంటాదా?"

"లేదు. నోరు తెరువు."

నారాయణమ్మ విచిత్రంగా చూసి నోరు తెరిచింది. సుమలత అగ్గిపుల్ల వెనకవైపుతో అక్క బుగ్గ లోపల మెల్లగా గీకి, పలక మీద రుద్ది, నీలం రంగు చుక్క వేసింది. చిన్నప్పుడు జ్వరమొస్తే అక్క తన నోరు ఇట్లాగే తెరిపించి మందు పోసేది.

"ఇది నేనేనా?"

"నువ్వే. బుగ్గలోని కణాలు. గోడ లేదు చూడు. పల్చటి పొర ఒకటే. అందుకే ఒక తీరుగా లేవు, మడతలు పడినాయి. పచ్చగింజలూ లేవు. మనం అన్నం వండుకోలేం, తినాల్సిందే. పురుగూ అంతే, అందుకే ఆకు తింటాది. నడిమధ్యలో ముదురు నీలం చుక్క కేంద్రకం. కణం ఏం చేయాలో అంతా దాంట్లోనే ఉంటాది. అది ఆకుకూ ఉంది, నీకూ ఉంది, పురుక్కూ ఉంది."

నారాయణమ్మ కన్ను తీయలేదు. సుమలత మూడో పలక పెట్టింది. రోగం ఎట్లా ఉంటుందో కొత్తవాళ్లకు చూపడానికి దాచిన నమూనా అది.

"ఇంగ ఇది చూడు. మెరస్తాండేవి."

"బియ్యపు నూక మాదిరి ఉండాయి."

"అవే. ఆకులోపల ఇవి బతకవక్కా. ఆకుమీద దుమ్ములో, తట్టల్లో అంటుకుని ఉంటాయి. పురుగు ఆకుతోపాటు మింగుతాది. పేగులోని కణానికి గోడ లేదు కదా, ఆ పొరను పొడిచి లోపలికి దూరతాయి. ప్రతి కణంలోనూ తిన్నదాన్ని శక్తిగా మార్చే చిన్న పొయ్యిలు ఉంటాయి. వీటికి సొంతంగా అవి లేవు. దూరిన కణం శక్తిని తాగి, ఒకటి వెయ్యవుతాయి. ఆఖరికి గుడ్డులోకీ పోతాయి. బయటినుంచి చూస్తే తల్లి బాగున్నట్టే ఉంటాది."

నారాయణమ్మ తల ఎత్తి, కొంగుతో కన్ను తుడుచుకుంది. అద్దానికి ఆనించిన కంటికి నీళ్లు రావడం మామూలే. కానీ ఆమె రెండో కన్నూ తుడుచుకుంది.

"తట్టల్లోనా?" అంది మెల్లగా. "మీ బావ పోయిన పంటకారుకు ఓబులదేవరచెరువు దిక్కున ఎవరో అగ్గువకు ఇస్తాండారని గుడ్లు తెచ్చినాడే. పరీక్ష లేని గుడ్లు. నేను వద్దంటే వినలే. మూలనున్న తట్టల్లో అవే మేపినాడు. సగం చచ్చిపోతే పెంటదిబ్బలో పోసినాడు. ఆ తట్టలే మళ్లీ…"

సుమలత మూడో పలక తీసి పక్కన పెట్టింది. "ఈ మాట బావతో అంటావా అక్కా?"

"అనేదేముంది? ఆయప్పకు తెలీదనుకుంటాండావా? తెలుసు. తెలిసే నీ మీద అరస్తాండాడు."

అన్నం తిని పొమ్మని సుమలత బతిమాలింది. గదికి రమ్మంది. పొద్దుకూకేలోగా ఇంట్లో ఉండాలంటూ నారాయణమ్మ సంచి తీసి చేతిలో పెట్టింది. అందులో వేరుశెనక్కాయలు, ఊరగాయ సీసా ఉన్నాయి. గేటు దాటాక వెనక్కి తిరిగి చూడలేదు.

ఇప్పుడన్నా బావ ఫోన్ చేస్తాడని సుమలత ఎదురుచూసింది. దసరా పోయింది, దీపావళి పోయింది. నిజం తెలిసినవాళ్లు ఇంట్లో ఇద్దరున్నా, ఆ నిజం గడప దాటలేదు. ఊరి లెక్కలో సుమలత అక్క సంసారంలో మంట పెట్టిన మనిషిగానే మిగిలింది. తను చెప్పుకోవచ్చు. ఊరికి పోయి నలుగురి ముందు చెబితే నమ్ముతారు కూడా. కానీ తనను కాలేజీకి పంపిన మనిషిని ఊరి ముందు నిలబెట్టడం ఆమెకు చేతకాలేదు. కోపం మాత్రం ఉంది. అన్నం కలుపుకుంటూ ఒక్కోసారి పళ్లెం పక్కకు నెట్టేసేది.

దేవసహాయం ఒకసారి అడిగాడు, "మీ బావ మళ్లీ పురుగులు పెట్టినాడంట కదమ్మా?"

"వేరేచోట గుడ్లు కొంటాండాడంట సార్. తట్టలన్నీ కొత్తవంట."

"పోనీలే. అంతమాత్రం విన్నాడు."

చలికాలంలో నారాయణమ్మకు షుగరు బయటపడింది. పరీక్షలకూ మాత్రలకూ పెనుకొండ ఆస్పత్రికి వస్తున్నానని, వీలైతే రమ్మని ఫోన్ చేసింది. సుమలత సెలవు పెట్టి పోయింది. ఇద్దరూ పెనుకొండ బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. ఎదురుగా కొండ, కోట గోడ. సుమలత గదిలో చేసి తెచ్చిన రాగిసంగటి, పప్పు బాక్సు విప్పింది. చక్కెర వద్దని అక్క టీ కూడా తాగలేదు.

నారాయణమ్మ మోచేతి మడతలో అంటించిన దూదిని చూసుకుంటూ అడిగింది, "రక్తంలో కూడా ఉంటాయా, ఆ గోడ లేనివి?"

"రక్తం నిండా అవే అక్కా. ఎర్రవాటికైతే కేంద్రకం కూడా ఉండదు. మొదట ఉంటాది, తర్వాత వదిలేస్తాయి. గాలి మోసేదానికి లోపల చోటు కావాల కదా."

"అది లేకుండా ఎట్ల బతుకుతాయే?"

"నాలుగు నెలలు బతుకుతాయి. అంతలో కొత్తవి వస్తాయి."

నారాయణమ్మ సంగటి ముద్ద మింగి, "మీ బావకు నేను ఈడికి వచ్చేది తెలుసు," అంది. "నిన్ను కలిసేదీ తెలుసు. పొద్దున బస్సు కాడికి ఆయప్పే బండి మీద దింపినాడు."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలే."

ధర్మవరం బస్సు ముందు వచ్చింది. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి, కిటికీ పక్కన చోటు దొరక్క నారాయణమ్మ అవతలివైపు కూర్చుంది. బస్సు మలుపు తిరిగేదాకా సుమలతకు ఆమె తల వెనకభాగం మాత్రమే కనిపించింది. హిందూపురం బస్సుకు ఇంకా సమయముంది. బాక్సు కుళాయి కింద కడుక్కుని, బల్ల మీద ఒక్కతే కూర్చుంది.

అప్పటినుంచి నారాయణమ్మ మాత్రలకు వచ్చినప్పుడల్లా ఇద్దరూ అక్కడే కలుస్తున్నారు. ఇంటికి రమ్మనే పిలుపు మాత్రం ఇంకా రాలేదు.